సిడ్నీ ఎంత దూరం?

ఫలానా వూరు ఎంత దూరమండీ అని ఎవరినైనా అడిగి చూడండి. కిలోమీటర్లలో చెప్పేవాళ్ళు పదిమందిలో ఒక్కరుంటే గొప్ప. మిగతావాళ్ళంతా 'రాత్రి భోంచేసి బస్సెక్కితే తెల్లారి కాఫీ వేళకి దిగుతారు' అనే చెబుతారు. మా అమ్మమ్మ తరంవాళ్ళ లెక్కలు ఇంకా బాగుండేవి. కూతవేటు దూరం, ఆమడ దూరం, బండి కడితే పొద్దువాలేసరికి చేరే దూరం. ఇప్పుడు విమానాల కాలం వచ్చినా మనం అదే అలవాటు వదల్లేదు. అమెరికా ఎన్ని మైళ్ళో ఎవరికీ అక్కర్లేదు గాని, 'మా కోడలు ఇరవై రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చింది పాపం' అని మాత్రం అందరం అంటాం.

దూరాన్ని ఇలా కాలంతో కొలవడంలో ఒక తమాషా వుంది. రెండు వూళ్ళ మధ్య భూమి ఎప్పటికీ అంతే వుంటుంది. కొలత మాత్రం తరం తరానికీ మారిపోతూ వుంటుంది. దీనికి లండన్, సిడ్నీ నగరాలని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఆకాశంలో దగ్గర దారిన చూస్తే వాటి మధ్య దూరం సుమారు 17,000 కిలోమీటర్లు. భూగోళం చుట్టుకొలత నలభైవేల చిల్లర గనక, ఒక వూరి నుంచి మరో వూరికి ఇంతకన్నా మరీ దూరం పోవాలన్నా పోలేం. ఆ పదిహేడువేల కిలోమీటర్ల కోసం మనుషులు రెండువందల ముప్ఫై ఏళ్ళకి పైగా పడిన తంటాలు వింటే, మన చార్‌ధామ్ యాత్ర పెరటి నడకలా కనబడుతుంది.

'దగ్గర దారి' అన్నాను కదా, అది అట్లాసు చూస్తే తెలియదు. కాగితం మీద లండన్ నుంచి సిడ్నీకి స్కేలు పెట్టి గీస్తే గీత అరేబియా మీదుగా, హిందూ మహాసముద్రం మీదుగా పోతుంది. ఒక బత్తాయిపండు తీసుకుని పైన ఒక పక్క ఒక గుండుసూది, కింద రెండో పక్క ఒక గుండుసూది గుచ్చి, మధ్య దారం బిగించి లాగి చూడండి. ఆ దారం తనంతట తనే పక్కకి జరిగి అన్నిటికన్నా పొట్టి దారిలో కూచుంటుంది. లండన్-సిడ్నీల మధ్య ఆ దారం రష్యా మీదుగా, చైనా మీదుగా పోతుంది. పూర్వం ఓడలవాళ్ళకి ఆ దారి ఎలాగూ లేదు. సముద్రం ఎటు వుంటే అటే వాళ్ళ దారి.

1787 మే 13న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవు నుంచి పదకొండు ఓడలు బయల్దేరాయి. అందులో వున్న సుమారు పద్నాలుగు వందల మందిలో సగానికి పైగా ఖైదీలు. చేతిరుమాళ్ళు కొట్టేసినవాళ్ళూ, వెన్న దొంగిలించినవాళ్ళూ, అలాంటి జనం. జైళ్ళు నిండిపోయి, అమెరికా చేజారిపోయి, వీళ్ళని ఎక్కడ పారెయ్యాలో తెలియక ప్రభుత్వం ఆస్ట్రేలియాకి పంపింది. ఆ ఓడలు ఆఫ్రికా పక్కనున్న టెనరీఫ్ దీవికి వెళ్ళి, అక్కణ్ణించి అట్లాంటిక్ దాటి బ్రెజిల్‌లోని రియోకి పోయి, మళ్ళీ వెనక్కి దాటి ఆఫ్రికా కొనకి వచ్చి, ఆపైన దక్షిణ సముద్రాల గాలి పట్టుకుని, 1788 జనవరిలో సిడ్నీ దగ్గర తేలాయి. ఎనిమిది నెలల పైచిలుకు. నడిచిన దూరం ఇరవైనాలుగు వేల కిలోమీటర్లు. గాలి ఎటు తోస్తే అటు పోవాలి గనక దూరమే పెరిగిపోయింది మరి.

ఆ వెళ్ళినవాళ్ళలో దాదాపు 190 మంది ఆడ ఖైదీలు వున్నారు. చరిత్ర పుస్తకాలు గవర్నరు గారి గురించి ఎంత రాశాయో వీళ్ళ గురించి అంత తక్కువ రాశాయి. తరవాత ఓడ కథ మాత్రం కొంచెం బాగా నిలిచింది. దాని పేరు లేడీ జూలియానా. 1789 జూలైలో రెండువందల మందికి పైగా స్త్రీలని ఎక్కించుకుని ప్లిమత్ నుంచి బయల్దేరింది. అందరూ ఆడ ఖైదీలే. వాళ్ళలో మేరీ వేడ్ అని ఒక చిన్నపిల్ల. లండన్ వీధులు వూడ్చి, ముష్టెత్తి బతికేది. ఇంకో పిల్లతో కలిసి ఒక చిన్నమ్మాయి బట్టలు లాక్కుంది. అందుకు కోర్టువారు వేసిన శిక్ష వురి! ఆ రోజుల్లో మతిచలించి వున్న మూడో జార్జి రాజుగారికి 1789లో స్వస్థత చిక్కింది. ఆ సంతోషంలో వురిశిక్ష పడ్డ స్త్రీలకి దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు. రాజుకి జబ్బు నయమైతే ఒక వీధిపిల్ల మెడకి వురి తప్పింది. నేను నవలలో ఇలా రాస్తే 'మరీ యాదృచ్ఛికంగా వుందమ్మా' అని సంపాదకులు తిప్పి పంపుతారు.

ఆ ఓడ పది నెలల పైన ప్రయాణం చేసి 1790 జూన్ 3న సిడ్నీ రేవులోకి వచ్చింది. అప్పటికి అక్కడున్నవాళ్ళ పరిస్థితి ఏమిటంటే, ఇంగ్లండు వదిలి మూడేళ్ళయింది, ఇంటి నుంచి ఒక్క కబురు లేదు. తిండిగింజలు అడుగంటాయి. కూలికీ దొరకీ ఒకటే కొలత మీద పిండి పంచుతున్నారు. పొద్దున లేస్తే అందరి కళ్ళూ సముద్రం మీదే. ఆ రోజు కొండమీద జెండా ఎగరగానే జనం ఏడ్చుకుంటూ రేవుకి పరుగెత్తారు. తీరా చూస్తే ఓడ నిండా ఆడవాళ్ళు. ధాన్యం తెస్తుందనుకున్న మరో ఓడ దారిలో మంచుకొండకి గుద్దుకుందన్న కబురు. ఉత్తరాల సంచీలు విప్పుకుంటే అప్పుడు తెలిసింది వాళ్ళకి, తమ రాజుకి పిచ్చెక్కిందనీ, ఆ పిచ్చి మళ్ళీ కుదిరిందనీ, ఫ్రాన్సులో విప్లవం వచ్చిందనీ. రాజు జబ్బుపడినప్పుడు వాళ్ళకి దిగులు పడే అవకాశమే రాలేదు. దూరం అంటే నాకు కిలోమీటర్ల కన్నా ఈ సంగతే బాగా అర్థమవుతుంది. మనవాళ్ళకి ఏమైందో మనకి తెలిసేనాటికి అది ఎప్పుడో అయిపోయి వుండడం.

ఆ మేరీ వేడ్ ఎనభై ఏళ్ళు దాటి బతికింది. ఆవిడ సంతతి వేలల్లో వుందంటారు. 2007లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి అయిన కెవిన్ రడ్ ఆవిడ వంశంవాడే.

ఆ తరవాత ఓడలు చురుకయ్యాయి. థర్మోపిలే అనే తెరచాప ఓడ 1868-69లో తొలి ప్రయాణంలోనే లండన్ నుంచి మెల్‌బోర్నుకి 63 రోజుల్లో చేరి లోకాన్ని ముక్కుమీద వేలేయించింది. సూయజ్ కాలువ తవ్వడం, పొగ ఓడలు రావడం, ఇవన్నీ మనం స్కూల్లో చదువుకున్నవే. కాని మనుషుల కన్నా ముందు మాట ప్రయాణం చేసింది. 1872లో టెలిగ్రాఫు తీగ పూర్తయింది. ఉత్తరాన డార్విన్ నుంచి దక్షిణాన పోర్ట్ అగస్టా దాకా, ఎడారిలోంచి, మూడువేల కిలోమీటర్లకి పైగా స్తంభాలు పాతారు. సముద్రం అడుగున తీగ మాత్రం ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? లండన్ నుంచి బొంబాయి, బొంబాయి నుంచి నేలమీద మన మద్రాసు, మద్రాసు నుంచి బంగాళాఖాతం అడుగున పెనాంగు, సింగపూరు, జావా, డార్విన్! సిడ్నీలో పెళ్ళీ, లండన్‌లో చావూ ఒకదానికొకటి తెలియడానికి మన చెన్నపట్నం మధ్యవర్తి అన్నమాట. మొదట్లో ఇరవై మాటలకి తొమ్మిది పౌన్ల పైచిలుకు పుచ్చుకునేవారు. అంత ధర పెడితే మా పిన్నిలాంటివాళ్ళు కూడా 'క్షేమం' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు.

ఇక ఆకాశం సంగతి. మొదటి ప్రపంచయుద్ధం కాగానే ఆస్ట్రేలియా ప్రభుత్వం పదివేల పౌన్ల బహుమతి ప్రకటించింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి ముప్ఫై రోజుల్లో ఎగిరి రావాలి, వచ్చేవాళ్ళు ఆస్ట్రేలియన్లే అయివుండాలి. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు ఇద్దరు మెకానిక్కులతో కలిసి 1919 నవంబర్ 12న లండన్ పక్కనున్న హౌన్‌స్లో నుంచి లేచారు. పైకప్పు లేని విమానం. చలికి తిండి కూడా గడ్డకట్టేది. కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా అన్నీ దిగుతూ లేస్తూ వచ్చారు. కలకత్తా గుర్రప్పందాల మైదానంలో లేస్తుండగా ఒక గద్ద వచ్చి పంకాకి కొట్టుకుంది. చెట్ల కొమ్మలు తగలకుండా వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. జావాలోని సురబయలో విమానం బురదలో దిగబడిపోతే, వూళ్ళో జనం తమ ఇళ్ళల్లోని వెదురుచాపలు పట్టుకొచ్చి వరసగా పరిచారు. ఆ చాపల రోడ్డు మీద పరుగెత్తి విమానం లేచింది. డిసెంబర్ 10న డార్విన్‌లో దిగారు. ఇరవై ఎనిమిది రోజులకి కొద్ది గంటలు తక్కువ. అదే పందెంలో బయల్దేరిన మరో నలుగురు దారిలోనే పోయారు. పదివేల పౌన్లలో ఆ నలుగురి తల్లుల లెక్క ఎవరు రాశారు?

ఇంతా చేసి, డార్విన్ అంటే సిడ్నీ కాదు. అక్కణ్ణించి సిడ్నీ చేరేసరికి ఇంజను మొరాయింపులతో 1920 ఫిబ్రవరి అయింది. ప్రపంచం సగం దాటడానికి నెల, సొంతవూరి గుమ్మం దాకా రావడానికి రెండు నెలలు!

అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది ఇప్పుడు చెప్పబోయే అమ్మాయి కోసం. ఎమీ జాన్సన్. 1903లో ఇంగ్లండులో హల్ అనే రేవుపట్నంలో పుట్టింది. తండ్రి చేపల వ్యాపారి. షెఫీల్డు యూనివర్సిటీలో బి.ఏ. చదివి, లండన్ వచ్చి ఒక లాయర్ల ఆఫీసులో టైపు కొట్టే వుద్యోగంలో చేరింది. బి.ఏ. చదివిన ఆడపిల్లకి టైపు మిషను తప్ప ఇంకోటి దొరకని రోజులు. బి.ఏ. చదివినదాన్నే గనక నాకు ఆ సంగతి చప్పున తగిలింది. ఆదివారాలు విమానాల క్లబ్బుకి వెళ్ళి నేర్చుకుంది. ఎగరడం ఒక్కటే కాదు, ఇంజను విప్పి బిగించడం కూడా. మసి గుడ్డలు కట్టుకుని మెకానిక్కుల మధ్య పనిచేసి, 1929లో ఇంజనీరు లైసెన్సు సంపాదించిన తొలి బ్రిటిష్ స్త్రీ అయింది. తండ్రి కొంతా, ఒక నూనె కంపెనీ ప్రభువు కొంతా ఇస్తే ఆరువందల పౌన్లకి వాడేసిన విమానం ఒకటి కొంది. దానికి తండ్రి చేపల వ్యాపారం ముద్ర పేరే పెట్టింది, జాసన్ అని.

1930 మే 5న క్రాయ్‌డన్ నుంచి ఒంటరిగా బయల్దేరింది. అంతకుముందు ఆవిడ చేసిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి పుట్టింటికి, అంటే మనకి హైదరాబాదు నుంచి విజయవాడ అంత కూడా లేదు. రేడియో లేదు. పెట్రోలు ఒక టాంకులోంచి ఇంకోదాంట్లోకి చేత్తో పంపు కొట్టుకోవాలి. ఆ వాసనకి కడుపులో తిప్పేది. ఇరాక్ ఎడారిలో ఇసకతుపాను ముంచుకొస్తే ఏమీ కనబడక కిందకి దించేసి, గాలికి విమానం కొట్టుకుపోకుండా తోకమీద ఎక్కి కూచుంది. ఎక్కడో కుక్కలు మొరుగుతున్నాయి. చేతిలో పిస్తోలు పట్టుకుని తుపాను తగ్గేదాకా అలాగే వుంది. ఆరు రోజుల్లో కరాచీ చేరింది. రెండేళ్ళ కిందట బెర్ట్ హింక్లర్ అనే మగాయన ఇంగ్లండు నుంచి పదిహేనున్నర రోజుల్లో ఆస్ట్రేలియా వెళ్ళాడు. ఆయన కన్నా రెండు రోజులు ముందు వుంది ఈ పిల్ల! అప్పటిదాకా పేరు కూడా సరిగా రాయని పత్రికలు ఒక్కసారి మేలుకున్నాయి.

కరాచీ నుంచి అలహాబాద్ వెళ్ళాలి. ఎదురుగాలికి పెట్రోలు చాలక మధ్యలో ఒక వూళ్ళో సిపాయిల పెరేడు మైదానంలో దిగిపోయింది. ఆ వూరు ఏదనుకున్నారు? ఝాన్సీ. ఆడదాని సాహసానికి ఆ వూరి మట్టికి ఏదో చుట్టరికం వుంది కాబోలు.

బర్మాలో మాత్రం అదృష్టం తిరగబడింది. వానలో రంగూన్ కనబడక, పక్కనున్న ఇన్‌సీన్‌లో ఒక సాంకేతిక పాఠశాల ఆటస్థలంలో దిగితే విమానం గుంటలో పడింది. రెక్క చిరిగింది, పంకా విరిగింది. పంకా వెంట తెచ్చుకున్నది ఒకటి వుంది. రెక్కకి గుడ్డ ఏదీ? విమానాల రెక్కలకి వాడే నారగుడ్డ యుద్ధం అయ్యాక మిగిలిపోతే అక్కడివాళ్ళు కొని చొక్కాలు కుట్టించుకున్నారుట. ఆ చొక్కాలు తెచ్చి, చింపి, మళ్ళీ విమానానికే అతికారు! తరవాత జావాలో వెదురు మొనలు గుచ్చుకుని రెక్కకి చిల్లులు పడితే ఈసారి గాయాలకి వేసే ప్లాస్టరు అతికించి లేచింది. పాత చీర చివర చించి పిల్లాడి లాగుకి మాసిక వేసే మనకి ఈ ఇంజనీరింగు కొత్తేం కాదు.

మే 24న డార్విన్‌లో దిగింది. పందొమ్మిదిన్నర రోజులు. హింక్లర్ రికార్డు దాటలేదు. అయినా హింక్లర్‌ని చూడ్డానికి రాని జనం ఎమీని చూడ్డానికి వచ్చారు. ఒక పత్రిక పదివేల పౌన్లు ఇచ్చింది. పాటలు కట్టారు, బొమ్మలు అమ్మారు. ఆమె 1932లో జిమ్ మాలిసన్ అనే మరో వైమానికుణ్ణి పెళ్ళాడింది, 1938లో విడిపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో కర్మాగారాల నుంచి విమానాలు తీసుకెళ్ళి సైన్యానికి అప్పగించే పనిలో చేరింది. 1941 జనవరి 5న మేఘాల్లో దారితప్పి థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పడిపోయింది. శవం దొరకలేదు. ముప్ఫై ఏడేళ్ళు. పందొమ్మిది రోజుల్లో ప్రపంచం దాటి, ఇంగ్లండులోంచి ఇంగ్లండులోకి చేసే ప్రయాణంలో పోయింది.

ఆవిడ తరవాత న్యూజీలాండు అమ్మాయి జీన్ బాటన్ 1934లో పదిహేను రోజుల్లోపే ఆ దారి దాటి, ఆడవాళ్ళ లెక్కలో ఎమీ రికార్డు తీసేసింది. ఆ ఏడే ఆ దారిన టపా విమానాలు మొదలయ్యాయి. 1935లో ప్రయాణికులకి కూడా టిక్కెట్లు అమ్మారు. లండన్ నుంచి బ్రిస్బేన్‌కి పన్నెండున్నర రోజులు. పేరుకి విమానప్రయాణం గాని మధ్యలో పారిస్ నుంచి ఇటలీ కొస దాకా రైల్లో తీసుకెళ్ళేవారు. 1938లో నీటి విమానాలొచ్చాయి. అవి చెరువులమీదా నదులమీదా దిగేవి. సిడ్నీలో రోజ్ బే దగ్గర ఎక్కితే తొమ్మిది పది రోజులకి ఇంగ్లండు. దారిలో కలకత్తా దగ్గర హుగ్లీలో, అలహాబాద్‌లో యమునలో, గ్వాలియర్‌లో ఒక చెరువులో, ఉదయపూర్ పక్కన రాజసమంద్ సరస్సులో దిగేవి. మనవాళ్ళు పుణ్యస్నానాలు చేస్తుంటే ఆ పక్కన దొరలు విమానం దిగి టీ తాగి పోయేవారన్నమాట.

అన్నట్టు, ఆ దారితో మనకీ ఒక పిల్లకాలువ లాంటి సంబంధం వుంది. లండన్ నుంచి విమానంలో కరాచీ దాకా వచ్చిన ఉత్తరాలని 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా గారు చిన్న విమానంలో బొంబాయికి తెచ్చారు. అక్కణ్ణించి నెవిల్ విన్సెంట్ అనే ఆయన బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. దారిలో అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద తెచ్చి పోశారుట.

యుద్ధంలో జపాన్ వాళ్ళు సింగపూర్ పట్టుకున్నాక ఈ దారి తెగిపోయింది. అప్పుడు 1943లో ఒక చిత్రమైన సర్వీసు మొదలైంది. ఆస్ట్రేలియా పడమటి కొసనున్న పెర్త్ నుంచి సింహళంలో గాల్ పక్కనున్న కొగ్గల సరస్సు దాకా సముద్రం మీద ఏకబిగిన ఎగరడం. అయిదున్నర వేల కిలోమీటర్లకి పైనే. శత్రువులు వింటారని రేడియో వాడకూడదు. చుక్కలు చూసుకుంటూ పోవాలి. పెట్రోలు బరువుకి ముగ్గురు ప్రయాణికులకి మించి చోటు లేదు. ఇరవై ఏడు గంటల నుంచి ముప్ఫై మూడు గంటలు పట్టేది. అంతసేపు ఎగిరితే ఒక్క ప్రయాణంలోనే రెండుసార్లు సూర్యోదయం కనబడుతుంది. అందుకని ప్రయాణికులకి 'రెండు సూర్యోదయాల రహస్య సంఘం' సభ్యులని యోగ్యతాపత్రం ఇచ్చేవారు. ఆదివారాలు సూర్యుడికి పాలు పొంగించే మా పక్కింటి మామ్మగారికి ఈ సంగతి చెబితే, 'మరి నైవేద్యం ఒకసారా, రెండుసార్లా?' అన్నారు. జవాబు నా దగ్గర లేదు.

యుద్ధం అయ్యాక 1947 డిసెంబర్ 1న క్వాంటాస్ వారు సిడ్నీ నుంచి లండన్‌కి సొంత సర్వీసు మొదలుపెట్టారు. కంగారూలాగా గెంతుకుంటూ పోతుంది గనక కంగారూ దారి అన్నారు. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ, లండన్. ఇరవై తొమ్మిదిమంది ప్రయాణికులు, పదకొండుమంది సిబ్బంది, నాలుగు రోజులు. రానూపోనూ టిక్కెట్టు 585 పౌన్లు. మామూలు వుద్యోగి ఏడాది జీతం మొత్తం పోసినా చాలదు.

కనక మామూలు మనుషులు ఓడల్లోనే వెళ్ళారు. ఆ కథ విమానాల పుస్తకాల్లో వుండదు గాని, అసలు జనం ప్రయాణం చేసింది అందులోనే. యుద్ధానంతరం ఆస్ట్రేలియాకి మనుషులు కావలసివచ్చారు. ఇంగ్లండులోని వాళ్ళకి పది పౌన్లకే ఓడ టిక్కెట్టు ఇచ్చారు, పిల్లలకి ఉచితం. షరతు ఏమిటంటే రెండేళ్ళలోపు తిరిగొస్తే మొత్తం ఖర్చు కట్టాలి. పాతికేళ్ళ పైచిలుకులో పది లక్షల మందికి పైగా అలా వెళ్ళారు. అయిదారు వారాల ప్రయాణం. ఓడ కదిలే వేళకి రేవుల్లో ఒక ఆచారం వుండేది. పైన రెయిలింగు దగ్గర నిలబడ్డవాళ్ళు రంగుకాగితం రిబ్బను ఒక కొస పట్టుకుని చుట్టని కిందకి విసిరేవారు. రెండో కొస గట్టుమీద వున్నవాళ్ళు పట్టుకునేవారు. ఓడ మెల్లిగా జరుగుతుంటే వందల రిబ్బన్లు ఒక్కొక్కటే బిగుసుకుని తెగిపోయేవి. తెగిన ముక్కని దాచుకున్న తల్లులు ఎందరో. వెనక్కి రావాలంటే వేల మైళ్ళ కన్నా ముందు ఆ రెండేళ్ళ షరతూ, తిరుగు టిక్కెట్టు ధరా అడ్డం. అయినా సుమారు నాలుగో వంతు మంది వెనక్కి వచ్చేశారు. వాళ్ళలో సగం మంది ఇక్కడ వుండలేక మళ్ళీ అక్కడికే పోయారు! పుట్టింట్లో వుంటే అత్తిల్లూ, అత్తింట్లో వుంటే పుట్టిల్లూ గుర్తొచ్చే మనకి ఆ సగం మంది సంగతి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

జెట్ విమానాల కథ గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో వేగం తప్ప కథ తక్కువ. 1959లో బోయింగ్ 707 వచ్చి ప్రయాణాన్ని రెండు రోజుల్లోపుకి దించింది. 1971లో జంబోలు వచ్చి టిక్కెట్టుని మధ్యతరగతి అందుబాటులోకి తెచ్చాయి. కలకత్తా, కరాచీ మజిలీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. 1989 ఆగస్టులో ఒక కొత్త జంబో లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో వచ్చింది. టిక్కెట్టు కొన్న ప్రయాణికులు లేరు. ఇంధనం కలిసిరావడానికి విమానాన్ని రన్‌వే చివరిదాకా ట్రాక్టరుతో లాక్కెళ్ళారు. ఎందుకంత పిసినారితనం అంటే, దూరప్రయాణంలో ఇంధనాన్ని మొయ్యడానికే ఇంధనం ఖర్చవుతుంది. ఏటి నుంచి కావిడితో నీళ్ళు మోసేవాడు దాహానికి ఆ నీళ్ళే తాగుతూ నడిచినట్టు. ఆ విమానం 2015లో సిడ్నీకి దక్షిణాన వున్న ఒక మ్యూజియంకి చేరింది. ఆఖరి ప్రయాణం కొద్ది నిమిషాలే.

2018 మార్చి 24న పెర్త్ నుంచి లండన్‌కి ఆగకుండా వెళ్ళే రోజువారీ సర్వీసు మొదలైంది. 14,498 కిలోమీటర్లు, పదిహేడు గంటల పైచిలుకు. లండన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు కొంచెం తక్కువ పడుతుంది, ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి వెనకనుంచి తోస్తుంది గనక. పోవడం ఒక లెక్క, రావడం ఒక లెక్క. 2019 నవంబరులో ప్రయోగంగా లండన్ నుంచి సిడ్నీకి ఏకబిగిన ఎగిరారు. 19 గంటల 19 నిమిషాలు. విమానంలో యాభైమంది వరకూ వున్నారు, ఎప్పుడు తినాలో ఎప్పుడు పడుకోవాలో డాక్టర్లు చెబుతూ వచ్చారు. వాళ్ళకీ రెండు సూర్యోదయాలు కనబడ్డాయి. ఈ పథకానికి పెట్టిన పేరు కూడా సూర్యోదయమే, యుద్ధకాలం నాటి ఆ ముగ్గురేసి ప్రయాణికుల సర్వీసు జ్ఞాపకార్థం. 2022లో దీనికోసం పన్నెండు పెద్ద ఎయిర్‌బస్ విమానాలకి ఆర్డరిచ్చారు.

ఆ ప్రయోగం జరిగిన నాలుగు నెలలకే, 2020 మార్చి 20న, ఆస్ట్రేలియా తలుపులు మూసేసింది. కోవిడ్. ఇంకేముంది, పందొమ్మిది గంటల దూరం మళ్ళీ లేడీ జూలియానా నాటి దూరం అయి కూచుంది. సొంత దేశస్థులు కూడా వారానికి ఇంతమందే రావాలని లెక్క పెట్టారు. 2021 మేలో అయితే, అంతకుముందు పధ్నాలుగు రోజుల్లో ఇండియాలో వున్నవాళ్ళెవరూ అడుగుపెట్టకూడదని రెండువారాల పాటు నిషేధం పెట్టారు. ఆస్ట్రేలియా పౌరులైనా సరే. కాదని వస్తే అయిదేళ్ళ వరకు జైలు, లేదా 66,600 డాలర్ల జుర్మానా! ఒకప్పుడు నేరం చేసినవాళ్ళని ఆస్ట్రేలియాకి పంపేవారు. ఈసారి ఆస్ట్రేలియాకి రావడమే నేరమైంది. ఆ రెండేళ్ళలో కూతురి పురిటికి వెళ్ళలేని తల్లులు, తండ్రి దహనాన్ని ఫోన్లో చూసిన కొడుకులు సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో వున్న మన తెలుగువాళ్ళలో ఎందరో. అయితే 1790కీ దీనికీ ఒక్క తేడా వుంది. అప్పుడు అయిపోయాక తెలిసేది. ఇప్పుడు అవుతుండగానే కనబడుతుంది, వెళ్ళడానికి మాత్రం వుండదు. ఏది నయమో నన్నడక్కండి.

2022 ఫిబ్రవరి 21న తలుపులు అందరికీ తెరిచారు. సిడ్నీ విమానాశ్రయంలో ఆ రోజు కౌగిలింతల ఫోటోలు మీరూ చూసే వుంటారు. అదే నెలలో యుక్రెయిన్ యుద్ధం మొదలై, రష్యా ఆకాశం బ్రిటిష్ విమానాలకి మూసుకుపోయింది. బత్తాయి మీద మనం బిగించిన దారం అక్కడ తెగిపోయింది. చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో పశ్చిమాసియాలో గొడవల వల్ల పెర్త్ విమానం కూడా దారి మార్చుకుంది. అంత దూరానికి ఇంధనం చాలక, లండన్ వెళ్ళేటప్పుడు కొన్నాళ్ళపాటు మధ్యలో ఆగి పెట్రోలు పోయించుకుంది. ఎక్కడంటే, స్మిత్ అన్నదమ్ములు 1919లో దిగిన సింగపూర్‌లోనే.